గేమ్ రివ్యూ స్కోర్లను ఎంతవరకు పట్టించుకోవాలి? కోనసీమ గేమర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో పాత గేమ్ డిస్కులు, కంట్రోలర్లు కొని అమ్మే చిన్న షాపు మాది. వచ్చే కుర్రాళ్లలో చాలామంది డిస్కు చేతిలోకి తీసుకోకముందే ఫోను తీస్తారు. స్కోరు చూసుకున్నాకే ధర అడుగుతారు. రావులపాలెం, రాజోలు, నరసాపురం వైపు నుంచి వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలూ ఇంచుమించు ఇవే. ఎవరికి వాళ్లకు విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. డిస్కులు అమ్ముకునేవాడి మాట కాబట్టి కాస్త అనుమానంతోనే చదవండి, తప్పేం లేదు.

మెటాక్రిటిక్‌లో కనిపించే ఆ అంకె ఎవరు వేస్తారండి?

ప్రత్యేకంగా ఒకరంటూ ఎవరూ వేయరు. 2001లో మొదలైన మెటాక్రిటిక్ సొంతంగా గేమ్‌లను రివ్యూ చేయదు. పత్రికలు, సైట్లు ఇచ్చిన స్కోర్లన్నీ పోగేసి, ఐదు స్టార్లున్నా పది పాయింట్లున్నా అన్నిటినీ వందలోకి మార్చి సగటు కడుతుంది. ఆ కట్టడంలో కొన్ని సైట్ల మాటకు ఎక్కువ విలువ, కొన్నిటికి తక్కువ విలువ ఇస్తుంది. ఎవరికి ఎంత విలువో మాత్రం బయటపెట్టదు. 2015లో వచ్చిన ఓపెన్‌క్రిటిక్ ఆ మూతలేమీ లేకుండా మామూలు సగటే చూపిస్తుంది.

ఇంకో సంగతి. ఒకే గేమ్‌కు మెటాక్రిటిక్‌లో పీసీకి ఒక అంకె, పీఎస్‌కు (అంటే సోనీ ప్లేస్టేషన్‌కు) ఒకటి, ఎక్స్‌బాక్స్‌కు ఒకటి ఉంటాయి. చాలామంది పైన కనిపించిన మొదటి అంకె చూసి పేజీ మూసేస్తారు. మీరు ఆడేది దేని మీదో ఆ అంకె చూడండి. ఎందుకంటున్నానో కింద సైబర్‌పంక్ అనే గేమ్ సంగతి దగ్గర తెలుస్తుంది.

70 అంటే ఫస్ట్ క్లాసు కదా? మరి 70 వచ్చిన గేమ్‌ను చూసి మావాడు మొహం చిట్లిస్తాడేంటి?

ఇంటర్‌లో 35 వస్తే పాసు, 60 దాటితే ఫస్ట్ క్లాసు. ఆ లెక్కలో పెరిగిన మనకు గేమ్‌ల లెక్క వింతగానే ఉంటుంది. ఇక్కడ స్కేలు పేరుకు పది పాయింట్లయినా స్కోర్లు ఎక్కువగా తిరిగేది ఆరు నుంచి పది మధ్యలోనే. దానికి కారణం ఉంది. ప్రతి వారం విడుదలయ్యే గేమ్‌లన్నిటినీ రివ్యూ చేసేంత మనుషులు ఏ సైటుకూ లేరు. మరీ చెత్తవి వాళ్ల బల్ల దాకా రావు. వచ్చేవాటిలో పెద్ద కంపెనీలవే ఎక్కువ. కథ నచ్చకపోయినా వాటిలో బొమ్మలు, శబ్దం ఒక స్థాయికి తగ్గవు. అందుకే మెటాక్రిటిక్ కూడా సినిమాకు 61 వస్తే ఆకుపచ్చ రంగు వేస్తుంది గానీ గేమ్‌కు 75 వస్తేనే వేస్తుంది. 74 వస్తే పసుపే.

నన్నడిగితే 68 నుంచి 78 దాకా ఉన్నవే అసలు వెతుక్కోవాల్సిన గేమ్‌లు. కొత్తవి కొనేవాళ్లు వీటి వైపు చూడరు, అందుకే ధర తొందరగా పడిపోతుంది. మా అరలో కింది వరసలో ఉండేవి ఇవే. ఆ గేమ్ రకం మీకు ఇష్టమైందైతే ఆ పది మార్కుల కొరత మీకు కనపడకపోవచ్చు కూడా.

84కూ 92కూ ఎంత తేడా?

ఆడేవాడికి పెద్ద తేడా ఏమీ ఉండదు. తయారుచేసినవాళ్లకు ఒక్క మార్కు కూడా బతుకు ప్రశ్న కావచ్చు. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగస్ చూడండి. మెటాక్రిటిక్‌లో 85 వస్తే అబ్సిడియన్ స్టూడియోకు బోనస్ వచ్చేది. 84 వచ్చింది. బోనస్ లేదు. ఈ సంగతి 2012లో ఆ స్టూడియో డిజైనర్ క్రిస్ అవెలోన్ స్వయంగా చెప్పాడు. ఈరోజుకీ ఆ గేమ్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్లకు లెక్కలేదు. ఆ ఒక్క మార్కుకు ఆటలో అర్థమేంటో ఎవరినైనా చెప్పమనండి చూద్దాం.

"7.8, నీళ్లు ఎక్కువ" అని నెట్‌లో జోకులేస్తారు, ఏమిటది?

ఇది మన ప్రాంతం వాళ్లు తెలుసుకోవాల్సిందే. 2014లో పోకెమాన్ ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్ గేమ్‌లకు ఐజీఎన్ అనే రివ్యూ సైటు 7.8 ఇచ్చింది. కింద లోపాల జాబితాలో "నీళ్లు మరీ ఎక్కువ" అని రాసింది. జనం ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట పుట్టినవాడికి నీళ్లెక్కువ అనే మాట ఫిర్యాదులా వినపడనే వినపడదు లెండి.

నిజానికి ఆ రివ్యూయర్ మాటలో పస ఉంది. ఆ గేమ్ మ్యాపులో సగం సముద్రమే. ఎంతసేపు ఈదినా అవే రకం నీటి పోకెమాన్‌లు ఎదురొస్తాయి, ఆట సాగదీసినట్టు అనిపిస్తుంది. ఇది తెలిస్తే మీరు నిర్ణయం తీసుకోగలరు: "నాకు ఈదడం ఇష్టమే, పర్లేదు" అనుకోవచ్చు, "అమ్మో" అనుకోవచ్చు. 7.8 అనే అంకె ఒక్కటే ఉంటే అనుకోవడానికి ఏముంది? మార్కులు ఎందుకు తగ్గించారో రాసిన ఆ రెండు వాక్యాల కోసమే నేను రివ్యూలు చదువుతాను.

ఒకరు 2 ఇచ్చి ఇంకొకరు 10 ఇస్తే ఏది నమ్మాలి?

రెండూ నమ్మండి. 2010లో డెడ్లీ ప్రెమోనిషన్ అనే గేమ్‌కు ఐజీఎన్ 10కి 2 ఇచ్చింది, డిస్ట్రక్టాయిడ్ అనే ఇంకో సైటు 10కి 10 ఇచ్చింది. బొమ్మలు నాసిరకం, కారు తోలితే తోలినట్టుండదు. అయినా కథలోని ఆ పిచ్చి కొంతమందిని పట్టేసింది. ఈ రెండిటినీ కలిపి సగటు కడితే "ఓ మోస్తరు గేమ్" అని వస్తుంది. ఆ గేమ్ గురించి అంతకన్నా అబద్ధం ఉండదు! అందుకే సగటు పక్కన విడివిడి స్కోర్లు కూడా ఒకసారి కిందికి జరిపి చూడండి. అన్నీ 75 దగ్గరే గుమిగూడితే అది నిజంగానే మధ్యస్థం. 40 నుంచి 95 దాకా చెదిరి ఉంటే మీకు విపరీతంగా నచ్చొచ్చు, లేదా పది నిమిషాల్లో కట్టేయొచ్చు.

గేమ్ విడుదల కాకముందే రివ్యూలు ఎలా వస్తాయి? వాటిని పట్టుకుని ముందే బుక్ చేసుకోవచ్చా?

కంపెనీ కొన్ని కాపీలు ముందుగా సైట్లకు ఇస్తుంది. ఫలానా రోజు, ఫలానా గంట దాకా రాయకూడదని మాట తీసుకుంటుంది. దాన్నే ఎంబార్గో అంటారు. అందులో తప్పేం లేదు. అయితే ఏ మెషీన్ కాపీ ఇచ్చారన్నది చూసుకోవాలి.

సైబర్‌పంక్ 2077 డిసెంబరు 10, 2020న వచ్చింది. ముందుగా సైట్లకు ఇచ్చింది పీసీ కాపీలే. విడుదలకు ముందు వీడియోల్లో సొంతంగా రికార్డు చేసిన దృశ్యాలు చూపించకూడదని షరతు కూడా పెట్టారు. స్కోర్లు 90 దరిదాపుల్లో వచ్చాయి. వాటిని చూసి పీఎస్4 మీద కొన్నవాళ్లకు రోడ్డు మీద మనుషులు మాయమవడం, గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోవడం ఎదురయ్యాయి. పీఎస్4 స్కోరు తీరిగ్గా 57 దగ్గర తేలింది. విడుదలైన వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోరు నుంచే తీసేసింది. 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు.

నేను ముందస్తు బుకింగులు తీసుకోను. ఒక వారం ఆగితే ధర పెరిగేదేం ఉండదు, నిజాలు బయటికొస్తాయి.

తర్వాత అప్‌డేట్లతో బాగుపడితే స్కోరు మారదా?

మెటాక్రిటిక్‌లో మారదు. ఒక సైటు మొదట ప్రచురించిన స్కోరునే అది లెక్కలోకి తీసుకుంటుంది, తర్వాత ఆ సైటు మనసు మార్చుకున్నా సరే. కాబట్టి ఆ అంకె గేమ్ పుట్టినరోజు నాటి ఫొటో. సైబర్‌పంక్‌కు 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ ఆట పద్ధతినే చాలావరకు మార్చేసింది. 2016 ఆగస్టులో నో మ్యాన్స్ స్కై వచ్చినప్పుడు జనం తిట్టిపోశారు. ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ పోతే 2024 చివరికి స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోరు) మొత్తం రివ్యూలు "చాలా పాజిటివ్" దాకా చేరాయి.

దీనికి తిరగేసిన మాట కూడా ఉంది. ఆన్‌లైన్ గేమ్‌లకు మొదటి వారం వచ్చిన 88 ఇప్పుడు చెల్లకపోవచ్చు. సర్వర్లు ఖాళీ అయిపోయి, మ్యాచ్ దొరకక అరగంట కూర్చోవాల్సి రావచ్చు. రెండేళ్లు దాటిన ఏ గేమ్‌కైనా పాత స్కోరు పక్కనపెట్టి ఈ నెల రాసినవి చదవండి.

మా ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మీద ఆ 94 గేమ్ ఆడుతుందా?

స్కోరు ఆ మాట చెప్పదు. రివ్యూయర్ దగ్గరుండే పీసీ వేరు, మన భీమవరం హాస్టల్ గదుల్లో కనిపించే, జీటీఎక్స్ 1650 అనే మామూలు గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ వేరు. 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చిన రోజుల్లో విమర్శకులు 90లు కురిపిస్తుంటే, స్టీమ్‌లో పీసీ ఆటగాళ్ల రివ్యూలు మొదట్లో "మిశ్రమం" అని చూపించాయి. గేమ్ గొప్పదే, ఎవరూ కాదనలేదు. కానీ ఫ్రేములు ఆగి ఆగి వస్తున్నాయి. ఆ రెండు మాటలూ నిజమే.

మన దగ్గర ఇంకో మూడు ప్రశ్నలుంటాయి. వాటికి ఏ రివ్యూయరూ మార్కులు వేయడు.

మొదటిది సైజు. బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ కావాలి. మెటాక్రిటిక్‌లో 96, సందేహం లేదు. కానీ రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాక్ మీద దింపాలనుకుంటే 75 రోజులు పడుతుంది, ఆ 75 రోజులూ వాట్సాప్ కూడా తెరవకుండా ఉంటే. ఫైబర్ కనెక్షన్ ఉన్న స్నేహితుడి ఇంటికి హార్డ్ డిస్కు పట్టుకెళ్లడం మామూలే.

రెండోది కరెంటు. ఎండాకాలం మధ్యాహ్నం, లేదా గాలివాన రాత్రి ఊహించుకోండి. బాస్ ఫైటు చివరికొచ్చింది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ "టక్" మంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది గానీ టీవీ ఆరిపోయింది. కరెంటొచ్చాక పీఎస్4 ఆన్ చేస్తే, సరిగ్గా ఆపలేదని ఒక మందలింపు చూపించి స్టోరేజీ చెక్ చేసుకుంటూ కూర్చుంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకునే వీలున్న గేమ్ అయితే పోయేది ఐదు నిమిషాలు. చెక్‌పాయింట్ (గేమ్ తనే సేవ్ చేసే చోటు) దాకా వెళ్లాల్సిందే అనే గేమ్ అయితే గంట పోతుంది. నాకు తెలిసిన ఒక తమ్ముడు కొత్త గేమ్ కొనేముందు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, మధ్యలో సేవ్ అవుద్దా?" అంతకన్నా తెలివైన ప్రశ్న మా కౌంటర్ దగ్గర నేను వినలేదు.

మూడోది సర్వర్. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ లాంటి ఆన్‌లైన్ గేమ్‌లకు ముంబైలో సర్వర్లున్నాయి కాబట్టి పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) ఫర్వాలేదు. మన దేశంలో సర్వర్ లేని గేమ్ అయితే మీరు కాల్చేలోపే మీరు పోతారు. అమెరికాలో కూర్చుని 9 ఇచ్చినాయనకు ఆ బాధ తెలియదు.

విమర్శకులకన్నా మామూలు ఆటగాళ్ల స్కోర్లు నయం కదా?

కొన్నిసార్లు నయం, కొన్నిసార్లు ఘోరం. 2020 జూన్‌లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 వచ్చింది. విమర్శకుల సగటు 93. మెటాక్రిటిక్‌లో జనం వేసిన స్కోరు మొదటి రోజుల్లో 10కి 4 కూడా లేదు. పూర్తి చేయడానికి ఇరవై గంటలు దాటే గేమ్‌కు విడుదలైన కొన్ని గంటల్లోనే సున్నాలు వచ్చి పడ్డాయంటే అవి ఆడి వేసినవి కావు. ఆ గొడవ తర్వాతే మెటాక్రిటిక్ విడుదలైన 36 గంటల దాకా యూజర్ రివ్యూలు తీసుకోవడం ఆపేసింది.

స్టీమ్ ఇక్కడ మేలు. గేమ్ ఖాతాలో ఉన్నవాళ్లే రాయాలి, ఎన్ని గంటలు ఆడారో పక్కనే కనిపిస్తుంది. రివ్యూలు ఎప్పుడు ఎక్కువగా పడ్డాయో చూపించే గ్రాఫు కూడా ఉంది. ఎర్ర గీత ఒక్కసారిగా లేస్తే ఆ తేదీన ఏం జరిగిందో వెతకండి. 2024 మేలో హెల్‌డైవర్స్ 2కు అలాగే జరిగింది. పీసీ ఆటగాళ్లు కూడా ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా కలపాల్సిందేనని సోనీ అంది. ఆ ఖాతా సదుపాయమే లేని దేశాలు బోలెడు. జనం నెగటివ్ రివ్యూలతో ముంచెత్తితే కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. దాన్ని "రివ్యూ బాంబింగ్" అని కొట్టిపారేస్తే ఎలా? అందులో కొనేవాడికి పనికొచ్చే వార్త ఉంది.

స్టీమ్‌లో 98 శాతం అంటే వందకు 98 మార్కులేనా?

కాదండి. వందమందిలో 98 మంది బొటనవేలు పైకెత్తారని. వాళ్లందరికీ అది "పర్లేదు, బాగుంది" అనే స్థాయిలోనే నచ్చి ఉండొచ్చు.

ఫోన్ గేమ్‌లకు ప్లే స్టోర్ రేటింగ్ చాలదా?

కొంత నయం. 2019 నుంచి కొత్త రేటింగులకు ఎక్కువ విలువ ఇస్తున్నారు. 2021 నవంబరు నుంచి ఏ దేశం వాళ్లకు ఆ దేశం రేటింగే చూపిస్తున్నారు. అంటే మీకు కనిపించే 4.2 మన దేశంవాళ్లు ఇచ్చిందే. ఒక్క స్టారు ఇచ్చినవాళ్ల రివ్యూలు కొత్తవి ముందొచ్చేలా పెట్టుకుని చదవండి. "అప్‌డేట్ తర్వాత ఫోను కాలిపోతోంది" అని పదిమంది రాస్తే ఆగండి. "నాకు మంచి గన్ రాలేదు" అని రాస్తే నవ్వుకుని దింపుకోండి.

స్క్వాడ్ కట్టి ఆడే గేమ్‌లకైతే మీ వీధిలో ఏది ఆడుతున్నారన్నదే రేటింగు. పబ్‌జీకి మన దేశపు రూపమైన బీజీఎంఐ 2022 జులైలో స్టోర్ల నుంచి పోయి 2023 మేలో తిరిగొచ్చింది. వచ్చిన రోజున ఎవరూ స్టార్లు లెక్కపెట్టలేదు, "రూమ్ ఐడీ పంపు" అన్నారంతే.

డబ్బులు తీసుకుని స్కోర్లు ఇస్తారంట, నిజమేనా?

కవర్లో డబ్బులు పెట్టి 9 వేయించుకోవడం అనేది జనం ఊహించినంతగా ఉంటుందని నేననుకోను. ఒత్తిడి వేరే దారిలో వస్తుంది. 2007 నవంబరులో గేమ్‌స్పాట్ సంపాదకుడు జెఫ్ గెర్‌స్ట్‌మన్ కేన్ అండ్ లించ్ అనే గేమ్‌కు 10కి 6 ఇచ్చాడు. అదే సమయంలో ఆ సైటు నిండా ఆ గేమ్ ప్రకటనలే. ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనకర్తల ఒత్తిడి సంగతి ఆయనే బహిరంగంగా చెప్పగలిగింది 2012లో.

మనకు దగ్గరి బెడద యూట్యూబ్. కంపెనీ డబ్బులిచ్చి చేయించిన వీడియో అయితే ఆ మాట స్పష్టంగా చూపించాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు పెట్టింది. వీడియో మొదట్లో మూలన చిన్నగా వచ్చే "పెయిడ్ ప్రమోషన్" ముక్క చూడండి. ఉంటే అది ప్రకటన. ప్రకటన చూడటంలో తప్పులేదు, రివ్యూ అనుకోవడంలోనే ఉంది.

స్కోరే ఇవ్వని సైట్లు ఉన్నాయా?

ఉన్నాయి. కానీ అలాగే నిలబడటం తేలిక కాదు. యూరోగేమర్ సైటు 2015లో స్కోర్లు మానేసింది, 2023లో ఐదు స్టార్లతో తిరిగొచ్చింది. అంకె లేకపోతే జనం ఆగరు మరి. జపాన్ పత్రిక ఫమిత్సు పద్ధతి నాకు ముచ్చటగా ఉంటుంది: నలుగురు విడివిడిగా పదేసి మార్కులకు వేస్తారు, మొత్తం 40. మొదటిసారి 40కి 40 వచ్చింది 1998లో, జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్‌కు. ఒక్కడి రుచి అంకె వెనక దాక్కునే వీలు అక్కడ తక్కువ.

మావాడు "97 వచ్చింది నాన్నా, కొనిపెట్టు" అంటున్నాడండి. ఎనిమిదో క్లాసు. కొనమంటారా?

97 అన్నాడంటే జీటీఏ 5 అయి ఉంటుందండి. అది పెద్దవాళ్ల గేమ్. స్కోరు గేమ్ ఎంత బాగా చేశారో చెబుతుంది, ఏ వయసుకు తగునో చెప్పదు. డిస్కు కేసు ముందు కింది మూలన వయసు అంకె ఉంటుంది. దాని మీద 18 అని ఉంది. ముందు అది చూడండి. మా దగ్గర పిల్లలొక్కళ్లే వస్తే అది ఇవ్వం.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి చుట్టాల పిల్లలొస్తారు. మంచి స్కోరున్నది ఒకటి చెప్పండి.

స్కోరు వదిలేయండి, ఒకే టీవీ మీద ఎంతమంది ఆడొచ్చో అడగండి. 90లు వచ్చిన గేమ్‌లలో చాలావరకు ఒక్కరు ఆడేవే. ఒకడు ఆడుతుంటే ఐదుగురు చూస్తూ కూర్చుంటారు, పావుగంటలో రిమోట్ కోసం యుద్ధం మొదలవుతుంది. ఇట్ టేక్స్ టూ 2021లో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి గేమ్‌గా నిలిచింది. దాన్ని కచ్చితంగా ఇద్దరే ఆడాలి, ఒక్కరుంటే మొదలే కాదు, ముగ్గురుంటే మూడోవాడికి చోటు లేదు. నలుగురుంటే ఓవర్‌కుక్డ్ పెట్టండి. వంటింట్లో గోల ఎలాగూ పండగ వాతావరణమే.

ఇంతకీ స్కోరుకు ఎంత విలువ ఇవ్వమంటారు?

మీరు పెట్టే డబ్బు వెనక్కొచ్చే దారిని బట్టి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే డబ్బు తిరిగిస్తారు. అక్కడ స్కోరుతో పనేముంది, దింపి చూసుకోండి. ప్లేస్టేషన్ స్టోరులో మాత్రం డౌన్‌లోడ్ మొదలుపెడితే రీఫండ్ కష్టం. 4,999 పెట్టి పీఎస్5 గేమ్ అక్కడ కొనేవాళ్లు స్కోరు కాదు, పూర్తి రివ్యూలు రెండైనా చదవాలి. డిస్కు అయితే నచ్చకపోతే మాలాంటివాళ్లకు అమ్మేసుకోవచ్చు.

స్కోరు కింది వైపు బాగా పనిచేస్తుంది. 50 లోపు వచ్చిందంటే అందరికీ కనిపించే లోపమేదో ఉంది, నమ్మండి. పై వైపు 85 దాటాక అది మీ గురించి ఏమీ చెప్పదు. అక్కడ మీ రుచికి దగ్గరగా ఉండే ఒక రివ్యూయర్‌ను పట్టుకోండి. మీకు ఎప్పుడూ నచ్చనివి మెచ్చుకునే రివ్యూయర్ దొరికినా మంచిదే, ఆయన 9 ఇస్తే మీరు డబ్బు దాచుకోవచ్చు.

మీరు పాత డిస్కుకు ధర స్కోరును బట్టే కడతారా?

కట్టం. ఎంత తొందరగా మళ్లీ అమ్ముడవుతుందో దాన్నిబట్టి. ఏటా కొత్తది వచ్చే ఫుట్‌బాల్ గేమ్‌లు 80 పైన తెచ్చుకున్నా, మరుసటి ఏడు ఎవరూ ముట్టరు. పాత జీటీఏ డిస్కు మాత్రం అరలో వారం కూడా ఉండదు. తెచ్చేముందు డిస్కును లైటు కింద వాలుగా పట్టి చూడండి. అంచు చుట్టూ గుండ్రంగా గీత ఉంటే కొనం, నిలువు గీతలు సన్నగా ఉంటే ఆడించి చూసి చెబుతాం. కేసు కూడా పట్టుకురండి.